ఎండల ఊరిలో ఊలు దారం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల రెండవనాటి సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘం వారు నన్ను పాఠశాల చరిత్రను గురించి మాట్లాడమని కోరారు. ఆ పని నిన్నటి సభలో పెద్దలు చక్కగా నిర్వహించారు. మన బడి పుట్టిన నాడు తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేదనీ, 1960 ఏప్రిల్ 1వ తేదీన పటాస్కర్ గారి తీర్పును అనుసరించి ఇది మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో చేరిందనీ, తిరువళ్ళూరు జిల్లా 1997లో ఏర్పడిందనీ మీరందరూ విన్నారు. ఊరు కదలలేదు, బడి కదలలేదు, సరిహద్దు మాత్రం కదిలింది. దానిని గురించి మళ్ళీ చెప్పి మీ సమయాన్ని తీసుకోను.

నేను ఒక చిన్న వస్తువును గురించి చెప్పదలచుకున్నాను. కింది వరండాలోని ప్రదర్శనలో మూడవ బల్ల మీద ఒక ఖాకీ రంగు ఊలు చెయ్యి ఉన్నది. స్వెట్టరు కాదు, స్వెట్టరు చెయ్యి మాత్రమే. వివరం రాసిన చీటీ ఎక్కడో ఊడిపోయింది కాబోలు, పొద్దుటి నుండి ఎంతోమంది “ఇదేమిటమ్మా?” అని అడుగుతున్నారు. ఒక పెద్దాయన కాఫీ ఫ్లాస్కుకు తొడిగే ముసుగు అనుకున్నారట. దాని కథే చెబుతాను.

మన ఊరి ఎండ సంగతి మీకు చెప్పవలసిన పని లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఊళ్ళ పేర్లు చదివేటప్పుడు తిరుత్తణి పేరు తప్పకుండా వినిపిస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున కొండ మెట్లెక్కే వారికి కాస్త చలి తగిలితే తగలవచ్చు. ఇటువంటి చోట ఆడపిల్లలకు స్వెట్టరు అల్లడం నేర్పడమంటే ఎడారిలో ఈత నేర్పినట్లే. అయినా ఈ బడిలో నేర్పారు. తొలిరోజులలో చేతిరుమాలుకు అంచు కుట్టడం, బొత్తాలు కుట్టడం, కాజాలు తీయడం నేర్పేవారు. ఊలు ప్రవేశించింది 1962లో.

ఆ సంవత్సరం మన ప్రాంతానికి గొప్ప సంవత్సరం. తిరుత్తణిలో 1888లో పుట్టి, ఇక్కడి వీధిబడిలో అక్షరాలు దిద్దిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మే నెలలో రాష్ట్రపతి అయ్యారు. సెప్టెంబరు 5న తొలి ఉపాధ్యాయ దినోత్సవం జరిగింది. ఆ ఆనందం ఆరకముందే, అక్టోబరు 20న, చైనా యుద్ధం వచ్చిపడింది. మన జవాన్లలో అనేకులు నూలు దుస్తులతో, కాన్వాసు బూట్లతో హిమాలయ శిఖరాల మీద నిలబడ్డారన్న వార్త దేశమంతటా పాకింది. ఆడవాళ్ళు నగలు ఒలిచి రక్షణ నిధికి ఇచ్చారు. దేశమంతటా ఇళ్ళలో, బళ్ళలో, మహిళా సంఘాలలో జవాన్ల కోసం స్వెట్టర్లు అల్లారు.

అప్పుడు మా అమ్మగారు ఈ బడిలో ఎనిమిదవ తరగతి విద్యార్థిని. వయస్సు 13 ఏళ్ళు. ఒకనాటి ఉదయం ప్రార్థన కాగానే కుట్టుపని ఉపాధ్యాయిని ఖాకీ ఊలు చిలపలను మెడలో దండల్లాగా వేసుకుని తరగతిలోకి వచ్చారట. మంచు ఎలా ఉంటుందో ఆ తరగతిలో ఎవరూ చూడలేదు. ఊలును కూడా చాలామంది అదే మొదటిసారి తాకడం. ఆ ఎండలో, చెమట పట్టిన వేళ్ళకు ఊలు అంటుకుంటూ ఉంటే, పక్కన గిన్నెలో విభూతి పెట్టుకుని వేళ్ళకు రాసుకుంటూ అల్లారని అమ్మ చెప్పేది. మురుగన్ కొండ కింద విభూతికి కొదువ ఏమున్నది!

ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క అల్లాలని ఏర్పాటు. ఒకరికి వీపు, ఒకరికి ఎదురు భాగం, ఒకరికి కుడి చెయ్యి, ఒకరికి ఎడమ చెయ్యి. సైనికుడి చెయ్యి ఎంత పొడవుంటుందన్నది మొదటి సమస్య. వారికి తెలిసినవారిలో ఎత్తయిన మనిషి బడి గంట కొట్టే ప్యూను. ఆయనను పిలిచి నిలబెట్టి, భుజం నుండి మణికట్టు దాకా టేపుతో కొలిచారు. ఆ కొలతనే పలకలన్నింటి మీద రాసుకున్నారు. ఆయనకు అది ఎంత గర్వకారణమయిందో, యుద్ధం ముగిసి ఎన్నో ఏళ్ళు గడిచినా “పటాలానికి నా చెయ్యే కొలత” అని చెప్పుకునేవారట.

ఇక్కడ అల్లిక తెలియని వారి కోసం ఒక మాట. అల్లికలో ఉన్నవి రెండే కుట్లు. ఊలు వెనుక ఉండగా సూదిని ముందు నుండి దూర్చి లాగితే ప్లెయిను. ఊలు ముందు ఉండగా వెనుక వైపు నుండి దూర్చి లాగితే పర్లు. ప్రపంచంలోని స్వెట్టర్లన్నీ ఈ రెండింటి కలయికలే. ఒకటి ప్లెయిను, ఒకటి పర్లుగా అల్లుతూ పోతే సాగే పట్టీ వస్తుంది. అది నడుము దగ్గరా మణికట్టు దగ్గరా. సూదులకు నంబర్లుంటాయి. నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. పట్టీకి 12, ఒంటికి 10 అని మా అమ్మ లెక్క. అయితే ఒకే సూది, ఒకే ఊలు, ఒకే లెక్క ఇచ్చినా ఇద్దరు అల్లిన ముక్కలు సమానంగా రావు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరి చెయ్యి వదులు. అందుకే ముందు ఒక చిన్న చదరం అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కించి, దానిని బట్టి మొత్తం లెక్క వేసుకోవాలి. అంగుళానికి 6 కుట్లు వస్తే, 24 అంగుళాల ఛాతీకి 144, ఎదురు భాగానికి అందులో సగం 72.

మా అమ్మ ఆ చదరం అల్లలేదు. తొందర. యుద్ధం ఆగదు కదా అనుకున్నది. ఆమెది వదులు చెయ్యి. వరుసలు లెక్కపెట్టి అల్లిన ఎడమ చెయ్యి, జతగా అల్లిన స్నేహితురాలి కుడి చేతికంటే రెండు వేళ్ళ వెడల్పు పొడవు వచ్చింది. ఉపాధ్యాయిని కోప్పడలేదు, దానిని పక్కన పెట్టి, మరొకరు అల్లిన చేతిని తీసుకుని స్వెట్టరు కుట్టి, “ఇది విప్పి మళ్ళీ అల్లు” అన్నారు. ఆ వారంలోనే, నవంబరు 21న, యుద్ధం ఆగింది. తయారైనవాటిని మూటకట్టి తపాలా కచ్చేరి నుండి పంపారు. విప్పవలసిన చెయ్యి మాత్రం అమ్మ పుస్తకాల సంచిలో ఉండిపోయింది. 60 ఏళ్ళు దాటినా దానిని ఆమె విప్పలేదు. మూడవ బల్ల మీద ఉన్నది అదే.

నేను పుట్టినప్పుడు, నా తమ్ముళ్ళు పుట్టినప్పుడు మా అమ్మ టోపీలు, మేజోళ్ళు అల్లింది. మద్రాసు నుండి లాల్ ఇమ్లీ ఊలు, మూర్ మార్కెట్టు నుండి సూదులు తెప్పించుకునేది. ప్రతి పనికీ ముందు ఇప్పుడు చదరం అల్లేది. అయితే ఒక్క ఊలు అల్లికతోనే మా ఇంట్లో చేతిపని ముగిసిందని అనుకోకండి. పాత చీరలతో బొంతలు కుట్టడం, విరిసీ విరియని మల్లెలను సాయంత్రానికి మాల కట్టడం, తలగడ గలీబుల మీద పూలు కుట్టడం, నల్లపూసలతో ఏనుగు బొమ్మ చేసి గాజు బీరువాలో పెట్టడం, వైరు బుట్టలు అల్లడం... వాటిని ఎవరూ ‘కళ’ అనలేదు. అన్నం వార్చి, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు చేసే పని అది.

ఇక మన చుట్టూ ఉన్న ఊళ్ళ సంగతి వేరు. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, పళ్ళిపట్టు, సరిహద్దుకు అటువైపు నగరి, నారాయణవనం: మగ్గం చప్పుడు వినని బాల్యం ఇక్కడ ఎవరికి ఉన్నది? మన పిల్లలలో ఎందరో తెల్లవారి లేచి రాట్నం మీద కండెలు చుట్టి, ఆ తరువాత బడికి వచ్చినవారే. ఒక చిలపలో 840 గజాల నూలు, ఒక పౌనుకు అటువంటి చిలపలు 40 తూగితే అది 40వ నంబరు నూలు అన్న లెక్క, మేము బోధించక ముందే వారికి తెలుసు. నేను ఈ బడిలో చేరిన కొత్తలో విలోమానుపాతం చెప్పడానికి పుస్తకంలోని పనివాళ్ళ లెక్క చెబుతూ ఉంటే, వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచి “నంబరు పెరిగితే దారం సన్నమవుతుంది, అదే కదా టీచర్?” అన్నాడు. అంతకంటే మంచి ఉదాహరణ నా బి.ఎడ్. పుస్తకాలలో లేదు.

ఆ పుస్తకాలలో వేరే చాలా ఉన్నది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్య, జాకీర్ హుసేన్ గారి కమిటీ నివేదిక, 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పిన పని అనుభవం, 1977లో ఈశ్వరభాయి పటేల్ కమిటీ సూచించిన సమాజోపయోగ ఉత్పాదక కృషి. పరీక్షకు అన్నీ కంఠస్థం చేశాము. చేతితో చేసిన పని బుద్ధిని పెంచుతుందని ప్రశ్నకు పది మార్కుల సమాధానం రాసిన నేనే, ఈ కుర్చీలో కూర్చున్న తరువాత ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

మన చేతిపని ఉపాధ్యాయిని 2013లో పదవీ విరమణ చేశారు. ఆ స్థానం భర్తీ కాలేదు. రెండేళ్ళపాటు మిగిలిన ఉపాధ్యాయినులు తలా ఒక చెయ్యి వేసి ఆ పీరియడును నడిపారు. అప్పటికి తమిళం తప్పనిసరి భాషగా ఏటేటా ఒక్కొక్క తరగతి పైకి వస్తూ, పదవ తరగతిని చేరుతున్నది. మన పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాలి. ఈ నేల మీద బ్రతికేవారికి అందులో రెండో మాట లేదు. అయితే తెలుగు, తమిళం, ఇంగ్లీషు, వాటితోపాటు లెక్కలు, సైన్సు, సాంఘికం, అన్నీ అదే గంటలలో ఇమడాలి. 2015 జూన్‌లో కాలపట్టిక వేస్తూ, వారానికి రెండు చేతిపని పీరియడ్లను కొట్టివేసి, ఒకటి లెక్కలకూ ఒకటి తమిళానికీ ఇచ్చాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నిజం చెప్పాలంటే కొందరు తల్లిదండ్రులు సంతోషించారు. బీరువాలోని సూదులు, ఫ్రేములు, వైరు కట్టలు మూట కట్టి మెట్ల కింది గదిలో పెట్టించాను.

తొమ్మిదవ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. చదవడం కష్టం ఆ పిల్లకు, ఒత్తులన్నీ కలిసిపోయేవి. కాని వైరు బుట్ట అల్లితే చూడవలసిందే. బుట్టలో ఉసిరికాయ ముడి వేయడం తేలిక కాదు. నాలుగు వైపుల నుండి వచ్చే వైరు ఉబ్బెత్తుగా గుండ్రంగా తిరగాలి, బిగువు తప్పితే ముడి చప్పిడిగా కూర్చుంటుంది. ఆ ముడి మా ఉపాధ్యాయినులకు నేర్పినది ఆ పిల్లే. గురువారం నాడు తరగతి అంతా ఆమె బెంచీ చుట్టూ ఉండేది. మిగిలిన నాలుగు రోజులు ఆమె ఎవరి చుట్టూ లేదు, ఎవరూ ఆమె చుట్టూ లేరు. ఆగస్టులో గైర్హాజరు మొదలయింది. దసరా సెలవుల తరువాత రానే లేదు. నేను ఇంటికి వెళ్ళాను. కండెలు చుడుతూ ఉన్నది. “ఏమమ్మా, బడికి ఎందుకు రావడం లేదు?” అన్నాను. తల ఎత్తకుండా “గురువారం లేదు కదా టీచర్” అన్నది.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. గురువారం సెలవేమీ కాదే అనుకుంటూ తిరిగి వచ్చాను. సైకిలు స్టాండు దగ్గరకు వచ్చాక అర్థమయింది. మరి రెండుసార్లు వెళ్ళాను. ఆ అమ్మాయి తిరిగి రాలేదు.

ఇక్కడ చేతిపని పక్షాన పూర్తిగా వాదించడం నాకు చేతకాదు, ఎందుకంటే ఎదుటి వాదం చాలా బలమైనది. 1953లో రాజాజీ గారు ప్రాథమిక పాఠశాలల పనిగంటలు తగ్గించి, మిగిలిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలని పథకం తెచ్చారు. కుమ్మరి బిడ్డ కుమ్మరిగానే, చాకలి బిడ్డ చాకలిగానే ఉండిపోవాలా అని దానిని కులవిద్య అన్నారు. 1954లో కామరాజ్ గారు ముఖ్యమంత్రి కాగానే అది రద్దయింది. రద్దు కావడమే న్యాయం. తరువాత నేను చేతిపనిని తిరిగి పెట్టాలనుకున్నప్పుడు, ఒక నేత కుటుంబపు తల్లి ఇదే ప్రశ్నను తన మాటలలో అడిగింది: “మగ్గం పని మాకు చాలదా అమ్మా? పిల్లను చదువుకోమని పంపితే అక్కడా దారమేనా?” ఆమెకు నేను సులభంగా జవాబు చెప్పలేకపోయాను. పుట్టుకను బట్టి అంటగట్టిన పని వేరు, ఇష్టంతో నేర్చుకున్న పని వేరు అని చెప్పాను. ఆమె విన్నది, ఒప్పుకున్నదో లేదో నాకు నమ్మకం లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. నర్సాపురం లేసును గురించి మీలో చాలామంది వినే ఉంటారు. గోదావరి తీరాన 19వ శతాబ్దంలో మిషనరీ దంపతుల ద్వారా వచ్చిన క్రోషా అల్లిక అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడ ఇల్లిల్లూ తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా లేసు అల్లే ఆ స్త్రీలను పనివారుగా కాక, తీరిక వేళలో ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కించడం వల్లనే వారికి అంత తక్కువ కూలి దక్కుతున్నదని ఆమె నిరూపించారు. లేసు విదేశాలకు పోయింది, లాభం వర్తకులకు పోయింది. ‘తీరిక వేళ’ అన్న మాట వింటే నాకు అప్పటి నుండి కొంచెం అనుమానం. మా అమ్మకు తీరిక ఎప్పుడున్నదో నేను చూడలేదు.

కరోనా కాలంలో మూతపడిన బడి, చిన్న తరగతులకు 2021 నవంబరు 1న తిరిగి తెరుచుకున్నది. పిల్లలు వచ్చారు కాని కూర్చోలేకపోయారు. పది నిమిషాలు ఒకచోట నిలవని చేతులు, కళ్ళు. ఏడాదిన్నర ఫోను తెరను తోసిన వేళ్ళు అవి. ఏ బోధనా పద్ధతీ పనిచేయక, ఒకనాడు మెట్ల కింది గది తెరిపించి వైరు కట్టలు బయటికి తీయించాను. అదే డిసెంబరులో ప్రభుత్వం ‘మీండుం మంజప్పై’ అన్న ఉద్యమం ప్రారంభించి పసుపు గుడ్డసంచులను మళ్ళీ వాడమన్నది. 2019 జనవరి నుండి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఎలాగూ ఉన్నది. సంచులు కుట్టడానికి అదొక మంచి సాకు దొరికింది. కాని నేర్పేవారు ఎవరు?

ఆ అమ్మాయి ఇంటికే వెళ్ళాను. ఇప్పుడు ఆమెకు ఒక బిడ్డ. గడప దగ్గర ఏడెనిమిది బుట్టలు, అమ్మకానికి. “వారానికి ఒక మధ్యాహ్నం వచ్చి పిల్లలకు నేర్పుతావా?” అని అడిగాను. బుట్ట అడుగు బిగిస్తూ “ఎంత ఇస్తారు టీచర్?” అన్నది.

నేను సిద్ధంగా లేను. సేవ అనుకున్నాను, గురుదక్షిణ అనుకున్నాను, ఏవేవో అనుకున్నాను. నర్సాపురం సంగతి చదివిన నేనే అలా అనుకున్నాను చూడండి. “కనుక్కుని చెబుతానమ్మా” అని వచ్చాను. తల్లిదండ్రుల సంఘం వారూ, పూర్వ విద్యార్థులూ కలిసి ఆ సొమ్ము సమకూర్చారు. ఒక బుట్ట అల్లడానికి ఆమెకు పట్టే గంటలు, ఆ బుట్ట ధర లెక్కగట్టి, ఆ గంటల ధరకు తక్కువ కాకుండా ఇస్తున్నాము. లెక్కల ఉపాధ్యాయుడు ఆ లెక్కనే ఎనిమిదవ తరగతికి అభ్యాసంగా ఇచ్చారు.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నం ఆరు నుండి తొమ్మిది తరగతుల వరకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ చేతిపని. మార్కులు లేవు, మార్కులు పెడితే ఇంట్లో అమ్మలే అల్లి పంపుతారు. ఒక తండ్రి “మగపిల్లవాడికి అల్లిక ఏమిటి?” అన్నారు. ఆయన మగ్గం నేస్తారు. ఆ మాట ఆయనకే గుర్తుచేస్తే నవ్వేశారు. అచ్చు అతికిన చేతులు గల పిల్లలు ముడి ఒక్కసారికే పట్టేస్తారు. రానివారు మొదటి వారం ఏడుస్తారు. కుట్టు జారుతుంది, జారిన కుట్టు నిచ్చెన మెట్లలాగా కిందికి దిగుతూ పోతుంది. కొక్కెపు సూదితో ఒక్కొక్క మెట్టే పట్టుకుని పైకి తీసుకురావాలి. అది చేసేటప్పుడు ఆ పిల్లల మొహం చూడాలి మీరు. లెక్క తప్పినప్పుడు ఆ మొహం నేను ఎన్నడూ చూడలేదు. లెక్క తప్పితే పుస్తకం మూసేస్తారు.

ఫలితాలు తగ్గాయా అని అడుగుతారు. ఆ రెండు పీరియడ్లు పోయినందుకు తగ్గలేదు, వచ్చినందుకు పెరిగిందనీ చెప్పలేను. హాజరు పట్టీలో మాత్రం గురువారం గడి నిండుగా ఉంటున్నది.

మా అమ్మగారికి 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి వల్ల ఈ మెట్లు ఎక్కలేకపోయారు. ఆ ఖాకీ చేతికి జతగా తొమ్మిదవ తరగతి పిల్లలు మిగిలిన స్వెట్టరు అల్లుతున్నారని చెబితే “ముందు చదరం అల్లించావా?” అని అడిగారు. అల్లించాను. అంత పొడుగు చెయ్యి ఎవరికి సరిపోతుందన్నది తేలలేదు. మన వ్యాయామ ఉపాధ్యాయుడు తన చెయ్యి ఇస్తానన్నారు. ఆ ఖాకీ రంగు మాత్రం ఎక్కడా దొరకలేదు. దగ్గర రంగు తెచ్చాము, తేడా తెలుస్తున్నది.

చివరగా రెండు విన్నపాలు. మీ ఇళ్ళలో అటకల మీద, కుట్టుమిషను సొరుగులలో 10, 12 నంబరు సూదులు తప్పకుండా ఉంటాయి. జత లేకపోయినా సరే, కార్యాలయంలో ఇచ్చి వెళ్ళండి. మా దగ్గర ఇప్పుడు ముగ్గురు పిల్లలకు ఒక జత. రెండవది, ప్రదర్శన సాయంత్రం 5 గంటల దాకా ఉంటుంది. నాలుగవ బల్ల మీద సగం అల్లిన ముక్కలు సూదులతో సహా పెట్టాము. చేతిలోకి తీసుకుని చూడండి, సంతోషం. సూది మాత్రం లాగకండి. ఉదయం నుండి ఇప్పటికి రెండు జారిపోయాయి.